ఎనిమిది మందికి న్యోకీ, సాసేజ్, ఆకుకూర: నెల్లూరులో దొరికేవాటితో ఎట్టా చెయ్యాల?

పినాకిని (నెల్లూరు), సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం రాత్రి మా ఆడబిడ్డ వాళ్ళు భోజనానికి వస్తా ఉండారు. వాళ్ళ పాప ఇటలీలోని బొలోన్యాలో చదువు ముగించుకోని ఈ మధ్యే వచ్చింది. అక్కడ చలికాలంలో తిన్న న్యోకీ అంటే దానికి ప్రాణం. ఉర్లగడ్డలో మైదా కలిపి చేసే చిన్న చిన్న ఉండలు, దాంట్లోకి వేయించిన సాసేజ్, కొంచెం చేదుండే ఆకుకూర. పక్కన ఇంకేం అక్కర్లా అత్తా, అదొక్కటే కడుపు నిండిపోద్ది అంటది. మన సరుకుతోనే ఆ పాపకి అది చేసి పెట్టాలని నాకు గట్టిగా ఉంది.

మొత్తం ఎనిమిది మందిమి. మా అత్తమ్మ పందిమాంసం తినరు, పొట్టేలు మాంసం, కోడి, చేప తింటారు. ఇంట్లో ఓవెన్ లేదు. గ్యాస్ పొయ్యి, ఇడ్లీ పాత్ర, ఇనప పెనం, పెద్ద తపేలాలు ఉండాయి. సూపర్‌మార్కెట్లో ఫ్రీజర్ చికెన్ సాసేజ్ చూశా గానీ మనసు ఒప్పలా.

ఏ ఉర్లగడ్డ తీసుకోవాల, మైదా ఎంత పడద్ది, సాసేజ్ ఇంట్లో అవుద్దా, కేల్ అనే ఆ చేదాకు బదులు మన కూరల్లో ఏది సరిపోద్ది? సంతపేటకి పొద్దున్నే పోగలను. చేసినవాళ్ళు చెప్పండి.

---

ఒంగోలు వంటిల్లు (ఒంగోలు), సోమవారం ఉదయం 11:40

అమ్మా పినాకినీ, నేను చెన్నైలో హోటల్ వంటింట్లో చాలాకాలం పనిచేసి ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. న్యోకీకి ఒక్క విషయం పట్టుకో, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. దుంపలో తడి ఎంత తక్కువుంటే మైదా అంత తక్కువ పడుతుంది. మైదా ఎంత తక్కువ పడితే న్యోకీ అంత మెత్తగా, తేలిగ్గా వస్తుంది. చేతికి అంటుకుంటుందని మైదా పోసుకుంటూ పోతే చివరికి దుంప రుచి పోయి పిండిముద్దలు మిగులుతాయి.

అందుకని కుక్కర్ వద్దు. కుక్కర్లో దుంప తోలు పగిలి లోపలికి నీళ్ళు దిగుతాయి. కోసి ఉడకబెట్టడం అంతకంటే వద్దు. నీకు ఇడ్లీ పాత్ర ఉందన్నావు, అదే చాలు. ఒకే సైజు దుంపలు తోలుతో ఉంచి, చిల్లుల పళ్ళెం మీద పేర్చి, ఆవిరి మీద 35, 40 నిమిషాలు. సన్న పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి.

తీయగానే పొడి గుడ్డతో పట్టుకుని వేడి మీదే తోలు వొలిచెయ్యి. వేడి మీదే మెదపాలి కూడా. ఆరిపోతే ఉండలు కడుతుంది, ఎంత మెదిపినా పలుకులు పోవు. మెదిపింది పెద్ద పళ్ళెంలో పల్చగా పరిచి ఆవిరి పోనివ్వు. ఆ పొగ చూస్తున్నావే, అదంతా దుంపలోంచి పోతున్న నీళ్ళే. పది నిమిషాలు దాని జోలికి పోవద్దు.

ఎనిమిది మందికి: దుంపలు కిలోన్నర, మైదా 300 గ్రాములతో మొదలుపెట్టి ఎక్కువలో ఎక్కువ 375 దాకా, కోడిగుడ్డు ఒకటి, ఉప్పు రెండు టీస్పూన్లు. గుడ్డు వేసేటప్పటికి దుంప గోరువెచ్చగా ఉండాలి, లేకపోతే గుడ్డు ఉడికిపోతుంది. మైదా చల్లి, చేత్తో మడిచి నొక్కుతూ కలుపు. చపాతీ పిండి పిసికినట్టు పిసకొద్దు. పిసికేకొద్దీ మైదాలో గ్లూటెన్ అనే జిగట ప్రొటీన్ సాగుతుంది, దుంపలోని గంజి జిగురెక్కుతుంది, ముద్ద గట్టిపడుతుంది. మిక్సీ పేరు కూడా ఎత్తొద్దు. ముద్ద ఒక్కటిగా అయితే చాలు, అక్కడ ఆపెయ్యి.

---

గడ్డల కొట్టు (నెల్లూరు), సోమవారం మధ్యాహ్నం 1:05

అక్కా, ఉర్లగడ్డ మా వ్యాపారం, దాని గురించి నేను చెప్తా.

డిసెంబరులో పాత గడ్డ, కొత్త గడ్డ రెండూ కలిసి దిగతాయి. మీకు కావాల్సింది పాతది. బొటనవేలితో తోలు రుద్ది చూడండి. లేచి వచ్చేస్తే కొత్తది, దాంట్లో నీళ్ళెక్కువ, గంజి తక్కువ. కుర్మాకి బాగుంటది గానీ మీ పనికి రాదు. తోలు గరుగ్గా, గట్టిగా పట్టుకోని ఉంటే పాతది. మొలకలొచ్చినవి, పచ్చరంగు తిరిగినవి వద్దు.

పాత గడ్డతో ఒక చిక్కు ఉంది. ఉత్తరాదిన జనవరి నుంచి మార్చి లోపల తవ్వి శీతల గిడ్డంగుల్లో పెడతారు. ఆ చలికి గడ్డలో గంజి కొంత చక్కెరగా మారద్ది. అందుకే కొన్ని గడ్డలు తియ్యగా ఉంటాయి, నూనెలో వేస్తే తొందరగా నల్లబడతాయి. ఈరోజే కొనేసి గోనెసంచి మీద గాలి తగిలే చోట, వెలుతురు పడకుండా పెట్టుకోండి. బయట వెచ్చదనానికి ఆ తీపి కొంత తగ్గద్ది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టబాకండి.

చిప్స్ చేసేవాళ్ళకి పోయే చిప్సోనా రకం ఎక్కడన్నా దొరికితే వదలబాకండి. కుఫ్రీ చిప్సోనా 1, 2 అని 1998లో విడుదల చేసిన రకాలు, సిమ్లాలో ఉండే కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్ళవి. చిప్స్ కోసమనే తడి తక్కువగా, గంజి ఎక్కువగా ఉండేట్టు తయారుచేశారు. మామూలుగా వచ్చే కుఫ్రీ జ్యోతితో కూడా నడిచిపోద్ది.

ఇంట్లోనే చూసుకోవాలంటే ఒక గ్లాసు ఉప్పుకి పదకొండు గ్లాసుల నీళ్ళు కలిపి గడ్డ వెయ్యండి. గంజి ఎక్కువుండే గడ్డ మునగద్ది, నీళ్ళ గడ్డ తేలద్ది.

---

కావలి నుంచి తూరిన్, సోమవారం రాత్రి 9:48

మాది కావలి అక్కా, ఉద్యోగం ఇటలీలోని తూరిన్‌లో. మీ పోస్ట్ చూసి చాలా సంతోషమైంది.

ఇక్కడ ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. మా తూరిన్ వైపు ఫోంతీనా అనే జున్ను (చీజ్) కరిగించి పోస్తారు. నేపుల్స్ దగ్గర సొరెంతోలో టమాటా, మొజరెల్లా చీజ్ వేసి ఓవెన్లో పెడతారు. రోమ్‌లో న్యోకీకి గురువారం. శుక్రవారం మాంసం మానేసి చేప తినే ఆచారం కాబట్టి, ముందురోజు కడుపు నిండా తినేవాళ్ళు. వెరోనాలో అయితే కార్నివాల్ పండగ శుక్రవారంనాడు ఒకాయన తెల్లగడ్డంతో, రాజు మాదిరి, పెద్ద ఫోర్కుకి న్యోకీ గుచ్చుకోని ఊరేగుతాడు. ఇక్కడి నుంచి వలస పోయినవాళ్ళు దీన్ని అర్జెంటీనాకి తీసుకుపోయారు, అక్కడ ప్రతి నెలా 29న న్యోకీ తింటారు, పళ్ళెం కింద డబ్బు పెట్టుకోని. నెలాఖరుకి చేతిలో డబ్బు అయిపోయినా ఇంట్లో ఉర్లగడ్డ, పిండి ఉంటాయి గదా.

ఉర్లగడ్డ దక్షిణ అమెరికా నుంచి యూరప్‌కి వచ్చిందే 16వ శతాబ్దంలో. అంతకుముందు న్యోకీ అంటే రొట్టె ముక్కలతోనో, పిండితోనో చేసేవాళ్ళు. రోమ్‌లో ఇప్పటికీ రవ్వతో చేసే రకం ఉంది.

బొలోన్యా అన్నారు కాబట్టి మీ పాపకి గుర్తుండే సాసేజ్‌లో మిరియాలు, తెల్లగడ్డ ముందుంటాయి. సోంపు దక్షిణం వైపు ఎక్కువ వాడతారు. అయినా పొట్టేలు మాంసంతో చేసేటప్పుడు సోంపు వెయ్యండి, దాని వాసనకి అది బాగా కుదురుద్ది. గరం మసాలా, అల్లం, ధనియాలు మాత్రం వద్దు. అవి పడితే కైమా ఉండల కూర అయిపోద్ది.

ఆకుకూరకి నా దగ్గర ఒక మంచి దారి ఉంది. కేల్ కోసం ఎక్కడెక్కడో తిరగబాకండి. కాలీఫ్లవర్, కేల్ రెండూ శాస్త్రం ప్రకారం ఒకే జాతి, బ్రాసికా ఒలెరేసియా. కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకుల్ని కొట్టువాళ్ళు తుంచి కుప్పేస్తారు చూడండి, అవి తెచ్చుకోండి. దానికి తోడు ముల్లంగి ఆకు. ఇక్కడ సాసేజ్‌తో వేసే చేదాకు చీమె ది రాపా అంటారు, అదీ ముల్లంగీ ఒకే కుటుంబం. పాలకూర నీళ్ళు వదిలేస్తది. తోటకూర మంచిదే గానీ చేదు ఉండదు. కొవ్వు మాంసం, వెన్న, ఉర్లగడ్డ, ఇన్ని బరువైనవాటి మధ్యలో ఆ చేదు ఉంటేనే రెండో గరిటె పెట్టించుకోవాలనిపిస్తది.

---

పశువైద్యం (ఆత్మకూరు), మంగళవారం ఉదయం 7:30

సాసేజ్ గురించి నేను రాస్తాను. నేను పశువైద్యుణ్ణి, మాంసం వండటం కూడా నాకు ఇష్టం.

మనకి దగ్గర్లోనే నెల్లూరు గొర్రె ఉంది. దేశంలోని ఎత్తైన జాతుల్లో ఒకటి, ఒంటిమీద ఉన్ని కాకుండా వెంట్రుకలే ఉంటాయి, మాంసం కోసమే పెంచుతారు. తెల్లగా ఉండేది పల్ల, తెల్లటి ఒంటికి మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి, గోధుమ ఎరుపుది దొర. కొట్లో ఏది కోసినా పర్లేదు, లేత పొట్టేలు కావాలని చెప్పండి. భుజం మాంసం అడగండి. కొవ్వు విడిగా అడిగి తీసుకోండి, ఎందుకంటే మనవాళ్ళు కైమా కొట్టేటప్పుడు కొవ్వంతా తీసేస్తారు. సాసేజ్‌లో నాలుగో వంతు దాకా కొవ్వు ఉండాలి. లేకపోతే పెనం మీద పొడిపొడిగా రాలిపోతుంది.

పొట్టేలు కొవ్వు పందికొవ్వు కంటే ఎక్కువ వేడికి గానీ కరగదు, పళ్ళెంలో చల్లారగానే పేరుకుని పెదాలకు అంటుకుంటుంది. అందుకని 400 గ్రాములు పొట్టేలు కైమా, 400 గ్రాములు కోడి తొడ మాంసం తోలుతో సహా కొట్టించి కలపండి. కోడికొవ్వు మెత్తన కాబట్టి ఆ పేరుకోవడం తగ్గుతుంది.

ఆ 800 గ్రాములకి ఉప్పు 13 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచిన సోంపు రెండు టీస్పూన్లు, మిరియాలు ఒక టీస్పూన్, గింజలతో నలిపిన ఎండుమిరపకాయ ఒకటిన్నర టీస్పూన్, దంచిన తెల్లగడ్డ ఆరు రెబ్బలు, ఐసునీళ్ళు మూడు టేబుల్‌స్పూన్లు. న్యోకీ ముద్దకి పిసకొద్దని ఒంగోలు పెద్దాయన చెప్పారు, దీనికి సరిగ్గా తిరగేసి చెయ్యాలి. బాగా పిసకాలి. ఉప్పు మాంసంలోని ప్రొటీన్‌ని కరిగిస్తుంది, పిసికేకొద్దీ అది బంకగా మారి ముక్కల్ని పట్టుకుంటుంది. అరచేతికి అంటించి చెయ్యి బోర్లించినా పడకుండా ఉంటే తయారైనట్టు. మాంసం చల్లగా ఉన్నప్పుడే ఈ పని కావాలి. శనివారం రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఆదివారానికి రుచి పట్టి ఉంటుంది.

పేగుల్లో కూరాల్సిన పని లేదు. ఎట్లాగూ న్యోకీలోకి ముక్కలుగానే పోతుంది. ఉసిరికాయంత ముద్దలు గిల్లి పెనం మీద వెయ్యండి. కోడి కలిసింది కాబట్టి లోపల 74 డిగ్రీలు దాటాలి. థర్మామీటర్ లేకపోతే ఒకటి విరిచి చూడండి, లోపల గులాబీ రంగు ఉండకూడదు.

---

పినాకిని (నెల్లూరు), మంగళవారం మధ్యాహ్నం 3:20

అందరికీ చాలా థ్యాంక్స్. గడ్డలు ఈ రోజే తెచ్చి గోనెసంచి మీద పరిచా. ఇంకో రెండు సందేహాలు. మెదిపేదానికి ఇటలీవాళ్ళు వాడే పరికరం మనింట్లో లేదు, గరిటెతో మెదిపితే సరిపోద్దా? గోంగూర వేస్తే ఎట్టా ఉంటది? మా ఇంట్లో అందరికీ అదంటే ఇష్టం.

---

సింగరాయకొండ అత్త, మంగళవారం సాయంత్రం 6:02

గరిటె ఎందుకమ్మాయ్, మురుకుల గొట్టం లేదా మీ ఇంట్లో? కారప్పూస బిళ్ళ వేసి వేడి గడ్డ దాంట్లో పెట్టి నొక్కు. సన్న పోగులు పోగులుగా పళ్ళెంలో పడతాయి, ఆవిరి కూడా బాగా పోద్ది. ఒక్క పలుకు మిగల్దు. నేను దుంప వడియాలకి ఎప్పుడూ అట్టాగే చేస్తా. గొట్టానికి లోపల నూనె రాయబాక.

ఇంకోటి. ఆ న్యోకీ ఫొటోలు మా మనవరాలు చూపించింది. గీతలు గీతలుగా, ఒక పక్క గుంటగా ఉండాయి. అవి మన గవ్వలే గదా! గవ్వల చెక్క ఉంటే దానిమీద బొటనవేలితో నొక్కి జార్చు. లేకపోతే ఫోర్కు వెనక పక్కన. ఆ గుంటలో, గీతల్లో వెన్న, కూర పట్టుకుంటాయి.

గోంగూర వెయ్యి తల్లీ. పొట్టేలు మాంసానికి గోంగూర కంటే పొత్తు ఇంకేముంది? ఎర్ర గోంగూర నాలుగు కట్టలు.

---

ఒంగోలు వంటిల్లు, మంగళవారం సాయంత్రం 7:15

అక్కా, గవ్వల చెక్క మాట బంగారం లాంటి మాట. న్యోకీ కోసమని అమ్మే చెక్క కూడా అచ్చం అదే.

గోంగూర దగ్గర మాత్రం మీతో ఒప్పుకోలేను. పులుపు ముందుకొస్తే దుంప రుచి తెలియదు. ఇందులో చివర వెన్న, జున్ను వేసి న్యోకీ ఉడికిన నీళ్ళతో చిక్కగా చేస్తాం. ఎవరన్నా పాలో మీగడో కలిపారంటే గోంగూర పులుపుకి విరిగిపోతుంది. ఆ పాప కోరుకునేది చేదు. పులుపు కావాలంటే దించిన తర్వాత నాలుగు చుక్కలు నిమ్మరసం, కాస్త నిమ్మతొక్క తురుము. పొదలకూరు నిమ్మకాయలు దగ్గర్లో ఉండగా ఇంకేం కావాలి.

---

సింగరాయకొండ అత్త, మంగళవారం రాత్రి 8:00

ఆ జున్ను మానేస్తే సరిపోద్ది గదా అబ్బాయ్. వెన్న, ఎండుమిరపకాయ, తెల్లగడ్డ, గోంగూర. నేను రేపు చేసి చూస్తా.

---

కావలి నుంచి తూరిన్, మంగళవారం రాత్రి 10:30

అత్తా, మీరు చేస్తే ఫొటో పెట్టండి, నాకు నిజంగా చూడాలని ఉంది. పినాకిని అక్కా, మీరు మాత్రం ఈసారికి చేదాకే వెయ్యండి. పాప మనసులో ఉన్న రుచి అది.

గుడ్డు గురించి. మా ఇంటి పెద్దావిడ గుడ్డు వెయ్యదు. పాతగడ్డ, తక్కువ మైదా, అంతే. ఆవిడ చేతిలో న్యోకీ నోట్లో పెట్టగానే కరిగిపోతాయి.

---

ఒంగోలు వంటిల్లు, బుధవారం ఉదయం 6:50

అలవాటైన చేతికి గుడ్డు అక్కర్లేదు, నిజమే. తొలిసారి ఎనిమిది మందికి చేస్తున్న అమ్మాయికి గుడ్డు ఉండాల్సిందే. నీళ్ళలో విడిపోకుండా అది పట్టుకుంటుంది. దానికి తోడు ఇప్పుడు నెల్లూరులో గాలి తడిగా ఉంది, ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా పూర్తిగా పోలేదు. మైదా కూడా తడి పీలుస్తుంది. ముందే ఒకసారి ఎండలో పెట్టి జల్లించుకో.

ముద్ద కలపగానే మొత్తం చుట్టెయ్యొద్దు. ఒక్క ఉండ చేసి మరిగే నీళ్ళలో వేసి చూడు. అంచులు కరిగి నీళ్ళు మబ్బుగా అయితే ఇంకో 25 గ్రాముల మైదా. నిలబడితే ఇంక మైదా డబ్బా మూత పెట్టెయ్యి.

---

పాలు_పప్పు (చీమకుర్తి), బుధవారం ఉదయం 9:10

నమస్తే. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. సాసేజ్ బదులు ఏం వెయ్యొచ్చు?

---

కావలి నుంచి తూరిన్, బుధవారం మధ్యాహ్నం 2:40

పుట్టగొడుగులు చేత్తో చీల్చి, పెనం బాగా కాలిన తర్వాత నూనె తక్కువతో ఎర్రగా వేయించండి. ఉప్పు చివర్లో, ముందే వేస్తే నీళ్ళూరతాయి. సోంపు, మిరియాలు, తెల్లగడ్డ అవే. అలసందలు ఉడకబెట్టి సగం మెదిపి, అదే సంభారంతో ఉండలు చేసి పెనం మీద కాల్చినా కడుపు నిండుద్ది. గుడ్డు లేకపోయినా ఏం కాదు, గడ్డ మాత్రం పాతదే తీసుకోండి. జున్ను కొనేటప్పుడు ప్యాకెట్ మీద చూడండి. అసలైన పార్మెజాన్‌కి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెనెట్ వాడతారు, మీకు పనికిరాదు.

---

ఒంగోలు వంటిల్లు, శుక్రవారం సాయంత్రం 5:30

పినాకినీ, ఆదివారం పని ఎట్టా పంచుకోవాలో రాస్తున్నాను, చూసుకో.

శనివారం రాత్రి మాంసం కలిపి ఫ్రిజ్‌లో. ఆదివారం పొద్దున్న ఆకులు తెచ్చి, కాలీఫ్లవర్ ఆకుల మధ్య లావు ఈనె తీసి, సన్నగా కోసి, ఉప్పునీళ్ళలో నాలుగు నిమిషాలు ఉడికించి, వెంటనే చన్నీళ్ళలో వేసి గట్టిగా పిండి పెట్టుకో. ముల్లంగి ఆకుకి ఒకటిన్నర నిమిషం చాలు, ఉడికితే దాని నూగు పోతుంది.

న్యోకీ ముద్ద పొద్దున్నే కలపొద్దు. దుంప తడి వదులుతూనే ఉంటుంది, రెండు గంటలకే ముద్ద జావకారుతుంది. సాయంత్రం ఆరింటికి దుంపలు ఆవిరికి పెట్టు. ఏడింటికి కలిపి, బొటనవేలు లావున పొడుగ్గా చుట్టి, అంగుళం ముక్కలు కోసి, చెక్క మీద జార్చి, రవ్వ చల్లిన పళ్ళేల్లో విడివిడిగా పరువు. బొంబాయి రవ్వ మైదా కంటే మేలు, ముక్కలకి పట్టి నానదు.

ఎనిమిదింటికి పెనం మీద సాసేజ్. కదపకుండా ఒకవైపు బాగా ఎర్రబడనివ్వు, తర్వాత తిప్పు. తీసి పక్కన పెట్టి, ఆ కొవ్వులోనే తరిగిన తెల్లగడ్డ, ఎండుమిరపకాయ, పిండిన ఆకు. పక్క పొయ్యి మీద ఐదు లీటర్ల నీళ్ళు, 50 గ్రాముల ఉప్పు. న్యోకీ మూడు నాలుగు విడతలుగా వెయ్యి. పైకి తేలాక పదిహేను ఇరవై సెకన్లు ఆగి చిల్లుల గరిటెతో తీసి నేరుగా పెనంలోకి. అన్నీ పడ్డాక ఆ నీళ్ళు ఒక గరిటె, వెన్న 60 గ్రాములు, తురిమిన జున్ను, సాసేజ్. పెనం పట్టుకుని ఊపు, గరిటెతో కెలక్కు. నీళ్ళలోని గంజి వెన్నని పట్టుకుని చిక్కబడుతుంది. పెనం చిన్నదైతే రెండు వాయిలుగా చెయ్యి, ఒక్కసారే కుక్కొద్దు. పళ్ళేలు వేడినీళ్ళతో కడిగి తుడిచి వెచ్చగా ఉంచు.

---

సింగరాయకొండ అత్త, శనివారం ఉదయం 11:15

గోంగూరతో చేశాను. జున్ను లేదు. ఇంట్లో అందరూ రెండోసారి వేసుకున్నారు. ఒంగోలు అబ్బాయి ఏమన్నా అననీ, మా ఇంట్లో ఇకమీదట ఇట్టాగే.

---

ఒంగోలు వంటిల్లు, శనివారం మధ్యాహ్నం 12:05

సంతోషం అక్కా. జున్ను లేకుండా కాబట్టి కుదిరుంటుంది. నా మాట మాత్రం నాదే.

---

పినాకిని (నెల్లూరు), సోమవారం ఉదయం 10:50

నిన్న రాత్రి చేశానండీ. అందరికీ పేరుపేరునా దండాలు. ఎట్టా జరిగిందో వివరంగా రాస్తా, వేరేవాళ్ళకి పనికొస్తది.

సంతపేటలో ఆకులమ్మే ఆమెని కాలీఫ్లవర్ ఆకులు అడిగితే గోతంలో నుంచి లేతవి ఏరి ఇచ్చింది, డబ్బులు తీసుకోలా. ముల్లంగి రెండు కట్టలు కొన్నా, దుంపలు సాంబార్‌కి, ఆకు దీంట్లోకి.

మురుకుల గొట్టంలో వేడి గడ్డ నొక్కతా ఉంటే తెల్లటి పోగులు పళ్ళెంలో పడి పొగలు కక్కతా ఉన్నాయి. చేత్తో తాకితే పొడిగా, నూగు మాదిరి తగిలింది. ఆ ఆవిరి పోయిందాకా మా అత్తమ్మని అక్కడే కూర్చోపెట్టా, ఎవర్నీ చెయ్యి పెట్టనీకుండా. మైదా 325 గ్రాములు పట్టింది. మొదటి ఉండ మరిగే నీళ్ళలో వేస్తే అడుక్కి పోయి, నిమిషంన్నర తర్వాత నిదానంగా పైకి వచ్చింది. అంచులు చెక్కుచెదర్లా, గీతలు గీతలుగా అట్టాగే ఉండాయి. అది చూసి మూత పెట్టేశా డబ్బాకి.

గవ్వల చెక్క మీద జార్చే పని మా అత్తమ్మ, పాప, మా పిల్లోడు ముగ్గురూ పట్టారు. మా అత్తమ్మ చేతి వేగం ముందు మేమెవరం నిలవలేకపోయాం. సంక్రాంతికి గవ్వలు చేసీ చేసీ ఆ బొటనవేలికి లెక్క తెలిసిపోయుంది.

సాసేజ్ వాసనకే పక్కింటివాళ్ళు అడిగారు. పొట్టేలు, కోడి కలపడం చాలా మంచి సలహా, పళ్ళెంలో ఎక్కడా పేరుకోలా. పాప తిని, సోంపు అక్కడికంటే ఎక్కువుంది, అయినా ఇదే బాగుంది అత్తా అనింది. ఆకు చేదు సరిగ్గా అదే అనింది. నాకు అది చాలు. జున్ను సూపర్‌మార్కెట్లో దొరికిన పార్మెజాన్ 80 గ్రాములు వేశా, పైన నిమ్మతొక్క తురిమా. మా మామయ్య అన్నం అడక్కుండా లేచింది నిన్ననే.

ఒకటే మిగిలింది అడగాల్సింది. ఉడికించినవి రెండు గిన్నెలు, ఉడికించనివి ఒక పళ్ళెం ఉండాయి. ఫ్రిజ్‌లో పెట్టా. ఏం చెయ్యాల?

---

కావలి నుంచి తూరిన్, సోమవారం మధ్యాహ్నం 12:25

అక్కా, చదవతా ఉంటే ఇక్కడ నాకు ఆకలేసింది. చాలా సంతోషం.

ఉడికించనివి వెంటనే ఫ్రిజ్‌లోంచి తీసి చూడండి. తడెక్కి ఒకదానికొకటి అంటుకుని ఉంటే వాటిని విడదియ్యలేరు, మొత్తం కలిపి ఇంకాస్త మైదా వేసి పెనం మీద రొట్టె మాదిరి కాల్చుకోండి. విడివిడిగా ఉంటే పళ్ళెంతోనే ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచిలో వెయ్యండి. ఒక నెల లోపల వాడుకోండి. వండేటప్పుడు కరగనివ్వబాకండి, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే మరిగే నీళ్ళలోకి, కొన్ని కొన్నిగా.

ఉడికించినవి ఈ రాత్రికే తినెయ్యండి. ఇనప పెనం మీద కొంచెం వెన్న, కొంచెం నూనె వేసి ఒకే వరసలో పరిచి, సన్నసెగ మీద కదపకుండా నాలుగు నిమిషాలు. కింద కరకరలాడే పొర కట్టిన తర్వాత తిప్పండి. మిగిలిన ఆకు చివర్లో వేస్తే చాలు.

---

గడ్డల కొట్టు (నెల్లూరు), సోమవారం మధ్యాహ్నం 1:10

అక్కా, గడ్డలు మిగిలుంటే చెప్పండి ఎన్ని ఉండాయో. సంక్రాంతి దాటితే పాత గడ్డ దొరకడం కష్టం, అంతా కొత్తదే దిగద్ది. ఇంకోసారి చెయ్యాలనుకుంటే ఈ వారమే కొనిపెట్టుకోండి.